తడి మలుపు

అక్షింతలు ఆపకుండా వెయ్యాలంది నాయనమ్మ నాంచారమ్మ. పసుపుముద్దతో చేసిన గౌరమ్మ మీద చిటికెడు చిటికెడుగా వేస్తూ, మనసులో అమ్మవారిని తప్ప మరేదీ తలవకుండా, మేనమామ వచ్చి గంపలో ఎత్తుకుపోయే దాకా పీట మీద నుంచి కదలకూడదు, నోరు విప్పకూడదు, అన్నిటికంటే ముఖ్యం ఆ దిక్కుమాలిన ఫోను ముట్టుకోకూడదు. ఫోను ఇప్పుడు నాంచారమ్మ బొడ్లో, తమలపాకుల తిత్తి పక్కన దోపి ఉంది. హేమ అక్షింతలు వేస్తోంది. వేస్తూ అమ్మవారినే తలుచుకుంటోంది గానీ అమ్మవారు నిలవడం లేదు; పసుపుముద్ద చూస్తూ చూస్తూ ఉండగానే పట్టాల మధ్య బిగించి, పైనుంచి పోయే బండికి దాని చోటు చెప్పే పసుపుపచ్చ బిళ్ళ అయిపోతోంది, దాని చుట్టూ పోసిన బియ్యం కంకరరాళ్ళయి పోతున్నాయి, తమలపాకు మీది దీపం సొరంగం చివర మలుపు తిరిగి వచ్చే బండి ముందుదీపంలా వణుకుతోంది, తల్లీ క్షమించు, ఇంకో చిటికెడు, ఇదిగో నీ మీదే వేస్తున్నాను, బండి మీద కాదు. ఈ పొద్దుటే, ఈ ఆదివారమే, పట్నంలో నేల కింద నడిచే రైలు పాత సిగ్నళ్ళను వదిలేసి కొత్తవాటి మీద, జనాన్ని ఎక్కించుకుని, మొదటిసారి కదులుతుంది. నడిపే మనిషి ముందు కూర్చుంటాడు గానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. బండి తనంతట తనే కదిలి, తనే వేగం అందుకుని, తనే ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది. దానికి ఆ బుద్ధి నేర్పిన నలుగురైదుగురిలో హేమ ఒకతె. మూడుసార్లు వాయిదా పడిన రోజు, వచ్చి వచ్చి ఆమె పెళ్ళి ముహూర్తం మీదే పడింది.

ముహూర్తాన్ని ఒక వారం జరపకూడదా అని నెల కిందట అడిగితే నాంచారమ్మ వక్క కొరుకుతూనే తేల్చేసింది. "రైలుకు ఆదివారాలు బోలెడు వస్తాయే. శ్రావణంలో నీ నక్షత్రానికి ఇదొక్కటే. పైగా నాట్లు ముదిరాక పెడితే మన క్యాంపులో తినడానికి ఎవడొస్తాడు, అందరూ నీళ్ళ వంతులకు పోతారు." అన్నంత పనీ అయింది, నాట్లు సగం పడ్డాయి, సగం పడలేదు, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కాలువ కింద కట్టుకున్న ఊళ్ళే ఈ క్యాంపులు, సిరిగేరి చుట్టుపక్కల ఆ కాలువ నిండుగా పారుతోంది, పందిట్లోకి వచ్చేవాళ్ళ కాళ్ళకు మోకాళ్ళ దాకా ఆరిన బురద తెల్లగా పగిలి కనిపిస్తోంది, గుమ్మం దగ్గర బకెట్టు నీళ్ళు పెట్టి చెంబు వేశారు. కిటికీలోంచి తడి మట్టి వాసన, జనరేటరు డీజిలు వాసన, ఉప్మాలో వేగిన జీడిపప్పు వాసన ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. సన్నాయి ఆయన ఎక్కడో తప్పి మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. మధుపర్కం చీర గంజికి గరగరలాడుతోంది, నుదుటి బాసికం దురద పెడుతోంది, గోక్కుంటే నాయనమ్మ చూస్తుంది. ఇక్కడ రాత్రంతా చినుకు లేదు. అక్కడ మాత్రం కుండపోతంట, నిన్న సాయంత్రం విక్రమ్ ఫోనులో చెప్పాడు, కంట్రోలు రూములో ఆమె కుర్చీలో ఇవాళ కూర్చునేది అతడే. "ఇక్కడ ఒకటే వాన, హేమా. నీ మలుపు ఎట్లుంటుందో ఏమో," అన్నాడు, అని ఆగి, "నువ్వు గోరింటాకు చూసుకో," అన్నాడు. గోరింటాకు ఎర్రగా పండింది. మలుపు సంగతే తెలియదు.

నీ మలుపు అంటాడు, తన ఆస్తి అయినట్టు. రెండు స్టేషన్ల మధ్య, నేల బాగా పల్లానికి దిగి కుడికి తిరిగే చోటు. ఖాళీ బళ్ళతో పరీక్షలు పెట్టినప్పుడు అంతా సరిగ్గా పోయేది, అక్కడికి వచ్చేసరికి బండి ఎవరో చెవిలో ఆగమన్నట్టు ఆగిపోయేది. ముందు బండి లేదు, ఎర్రదీపం లేదు, పట్టా విరగలేదు, ఊరికే చీకట్లో నిలబడి పోయేది మొండి దున్నపోతులా. ఒకరోజు ఆగేది, రెండు రోజులు ఆగేది కాదు, మళ్ళీ ఆగేది. రేడియో అందటం లేదన్నారు, పెట్టెలు మార్చారు. తీగలన్నారు, తీగలు మార్చారు. ఆఫీసులో పెద్దాయన బల్ల మీద పెన్ను పెట్టి, ఇట్లాగైతే ఇంకో ఏడాది పాతవాటితోనే నడుపుదాం, జనాన్ని సొరంగంలో నిలబెట్టే సరదా నాకు లేదు అన్నాడు. అప్పుడు ఒక ఆదివారం పొద్దున, సర్వీసు మొదలవక ముందు, హేమ ఆ మలుపు దాకా నడిచింది, తలమీద టోపీ, చేతిలో దీపం, వెనక విక్రమ్ ఆవలింతలు. గోడకు చెయ్యి పెడితే తడి. నాలుగు చుక్కలు, అంతే, గోడ చెమట పట్టినట్టు, ఆ చుక్కలు జారి పట్టా మీద సన్నగా నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూడగానే ఆమె సొరంగంలో లేదు, నాన్న ట్రాక్టరు మీద, బురద చక్రాల పక్కన రేకు పట్టుకుని కూర్చుని ఉంది, ఎనిమిదేళ్ళ పిల్ల, దమ్ము చేసే మడిలో చక్రం గిర్రున తిరుగుతోంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంది, నాన్న నవ్వుతూ, చక్రం పోయింది గానీ మనం పోలేదే అంటున్నాడు. ఆమె అక్కడే, భూమి కింద, పట్టాల మీద చతికిలబడి నవ్వింది. విక్రమ్ భయపడ్డాడు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకునే గదా బండి తానెక్కడుందో తెలుసుకునేది. తడి మీద చక్రం కొంచెం జారితే దాని లెక్కకూ నేల మీది బిళ్ళ చెప్పే చోటుకూ పొత్తు కుదరదు, కుదరకపోతే నేనెక్కడున్నానో నాకే తెలియడం లేదు అనుకుని, బుద్ధిమంతురాలు, ఆగిపోతుంది. వాన కురిసిన మర్నాడు గోడ చెమరుస్తుంది, బండి ఆగుతుంది. ఎండగాసిన రోజుల్లో ఆరిపోతుంది, ఆగదు. దానిది మొండితనం కాదు, జాగ్రత్త. పట్నంలో పుట్టిన వాళ్ళకు బురదలో కూరుకున్న ట్రాక్టరు ఎక్కే యోగం ఉండదు, పాపం, ఎవరిని ఏమనగలం.

గౌరమ్మా, ఇంకో చిటికెడు. మలుపుకు ముందొకటి, మలుపులో ఒకటి కొత్త బిళ్ళలు వేయించింది, చక్రం జారినా బండికి వెంటనే తన చోటు తెలిసేలాగ. తడిని ఆరబెట్టలేం గనక తడిలోనే దారి చెప్పాం అని పెద్దాయన ముందు గొప్పగా చెప్పింది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "మళ్ళీ ఆగితే?" అన్నాడు. "ఆగదు సార్," అంది. ఎందుకంది, ఆగకపోవచ్చు అంటే సరిపోయేది గదా, ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే ఇది, తాత కూడా కృష్ణాజిల్లా నుంచి ఈ నల్లరేగడి మీదికి వచ్చి, ఇక్కడ వరి పండుతుందా అంటే పండుతుంది అన్నాడంట, పండవచ్చు అనలేదు. ఆగదు సార్ అని చెప్పి, మధ్యాహ్నం బస్సెక్కి, పెళ్ళికూతురై కూర్చుంది. బిళ్ళలు వేశాక గట్టి వాన పడిందే లేదు. నిన్ననే పడింది. ఇవాళ ఆగితే పాతవాటితోనే ఇంకో ఏడాది, రెండేళ్ళ పని అటకెక్కుతుంది, అంతకంటే, అంతకంటే ఆ బండిలో ఆదివారం పూట పూలబుట్టతో మార్కెట్టుకు పోయే అమ్మ ఎవరో, చీకట్లో ఆగిన పెట్టెలో పూలు గుండెలకు హత్తుకుని నిలబడుతుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి గానీ చీకటి చీకటే, ఎవర్నో తిట్టుకుంటుంది, తిట్లు వచ్చి ఈ గౌరీపూజలో తగులుతాయి. వద్దు. మోహన్‌కృష్ణ ఏం చేస్తున్నాడో. పక్క వాకిట్లో, వరపూజలో, మెడలో దండ బరువుకు తల వంచుకుని ఉంటాడు. కంప్లిలో వరికోత మిషన్లు బాడుగకు తిప్పుతాడు, కోతల కాలంలో వాళ్ళ ఊరి జనానికి అతడి ఫోను తప్ప దేవుడు లేడు. నిశ్చయమయ్యాక మొదటిసారి మాట్లాడినప్పుడు నువ్వు చేసే పని ఏంది అని అడిగాడు, ఆమె సిగ్గుపడక చెప్పేసింది. కోతలప్పుడు కాలువ గట్టు మీద ధాన్యం ట్రాక్టర్లు ఎట్లా పోతాయో చూశావు గదా, గట్టు ఇరుకు, ఎదురు వస్తే ఒకటి కాలువలోనే. అందుకని మన పెద్దవాళ్ళు ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకున్నారు, తువ్వాలు ఎవడి భుజాన ఉంటే వాడే ఈ తూము నుంచి ఆ తూము దాకా పోవాలి, పోయి అక్కడ కాచుకున్న వాడికి ఇవ్వాలి. పాత సిగ్నళ్ళు ఆ తువ్వాలే. ఒక ముక్కలో ఒకే బండి, అది మొత్తం దాటితే గాని ఇంకొకటి అడుగు పెట్టకూడదు. కొత్తవి అట్లా కాదు, ముందు బండి తోక ఎక్కడుందో వెనక బండికి ఎప్పటికప్పుడు తెలుస్తుంటుంది, తోక జరిగినంత మేర ఇదీ జరుగుతుంది. మొదటి బండి పోవడంలో గొప్పేమీ లేదు, దాని ముందంతా ఖాళీ గదా, రెండోది దాని వెనక ఎట్లా వస్తుందన్నదే అసలు సంగతి. అంతా విని అతడు "ఊ" అన్నాడు, అంతే. మిషన్లు బాడుగకు తిప్పే మనిషి ఫోను పక్కన పెట్టి లెక్కలు చూసుకుంటున్నాడేమో అనుకుంది.

"ఏం పాపా, పెండ్లిలో అట్ల మొగం ముడుచుకోని కూచుండావే." యల్లమ్మ. నాట్ల గుంపుకు పెద్ద, హేమకు నడక రాని రోజుల్లో గట్టు మీది చీర ఉయ్యాలను కాలితో ఊపుతూ నారు పీకిన మనిషి. ఈరోజు గుంపుకు సెలవిచ్చి, తలకు నూనె రాసి, ఆకుపచ్చ చీర కట్టి వచ్చి, గడప అవతల కూర్చుంది, ఎన్నిసార్లు లోపలికి రమ్మన్నా అక్కడే ఆమెకు గాలి బాగా తగులుతుందంటుంది. "నీ రైలుకి డ్రైవరు ఉండీ లేనట్టే అంట కదా. మరి లేటయితే జనం ఎవుర్ని తిట్టేది?"

"దాన్ని మాట్లాడించకు యల్లమ్మా. మౌనంగా ఉండాలి," అంది నాంచారమ్మ.

"నేనేడ మాట్లాడిస్తాండా. నేను మాట్లాడ్తాండా, ఆయమ్మ వింటాంది." యల్లమ్మ కాళ్ళు చాపుకుంది. "సరే గాని, నేల కింద పోతాంటే పైన ఇండ్లు అదరవా. అన్నం కుండలు దొర్లవా. మా వదిన అడగమనింది."

అదరవు యల్లమ్మా, చాలా లోతున పోతుంది, పైన ఎవరికీ తెలియదు, పైన ఒకామె దోసె తిరగేస్తూ ఉంటుంది, కింద వెయ్యి మంది వెళ్ళిపోతుంటారు. నోటితో చెప్పకూడదు గనక హేమ కళ్ళతో చెప్పింది. యల్లమ్మకు ఏం అర్థమైందో, "ఊ, అదీ నిజమే," అని తలాడించి, "మా వదినకి అట్లే చెప్తా," అంది. నవ్వు తన్నుకొచ్చింది, పెదాలు బిగబట్టింది, అక్షింతలు గౌరమ్మ మీద కాకుండా దీపం మీద పడి చిటపటలాడాయి.

అప్పుడు మోగింది. మోగడం కాదు, మోగకుండా పెట్టారు, అదిరింది, నాంచారమ్మ బొడ్లో. ముసలామె ఉలిక్కిపడి తిత్తి మీద చెయ్యి వేసుకుని, "ఇదేంటే, కడుపు మీద తూనీగ కొట్టుకుంటోంది," అంది. విక్రమ్‌తో మాట ఒకటే. బాగా జరిగితే మెసేజు పెట్టు, ఒక్కసారి అదురుతుంది, నాకు తెలిసిపోతుంది. ఆగితేనే ఫోను చెయ్యి, ఏ గంటలో ఉన్నా సరే ఎత్తుతా, ఏం చెయ్యాలో చెబుతా. ఒక్కసారితో ఆగాలి, తల్లీ, ఒక్కసారితో. ఆగలేదు. గుర్రు, గుర్రు, గుర్రు, తెంపు లేకుండా అదిరి, ఆగి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలైంది. ఫోను చేస్తున్నాడు. హేమ నాయనమ్మ వైపు చూసింది, ఆ చూపులో సొరంగమంతా ఉంది, పెట్టెలు, పూలబుట్ట అమ్మ, పెన్ను బల్ల మీద పెట్టే పెద్దాయన, అంతా ఉంది. నాంచారమ్మ చూపు తిప్పలేదు. "గౌరమ్మను చూడు. నన్ను కాదు."

గౌరమ్మను చూసింది. ఆగింది. నా బండి ఆగింది. ఎక్కడ తప్పు? బిళ్ళ కదిలిందా, కదలదు, బిగించింది తన ముందే. నీళ్ళు బిళ్ళ మీద నిలిచాయా, నిలిచినా పరవాలేదు, నీళ్ళలోనూ పలుకుతుంది. మలుపు దాటాక ఇంకోచోట చెమట పట్టిందా, అక్కడ గోడ పొడిగా ఉందే, చేత్తో తడిమిందే, ఎంత దూరం తడిమింది? చివరిదాకా తడిమిందా, లేక నవ్వుకుంటూ మధ్యలోనే తిరిగొచ్చిందా? నవ్వుకుంటూ తిరిగొచ్చింది. కాదు, తర్వాత మళ్ళీ వెళ్ళింది, విక్రమ్ కూడా ఉన్నాడు, పొడిగానే ఉంది. తప్పు దొరకలేదు. దొరకకపోవడమే భయంగా ఉంది, దొరికితే చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. చేతిలో అక్షింతలున్నాయి. వేసింది. విచిత్రం, లోపల అంత గుబులులోనూ ఒక మూల ఇంకేదో కదులుతోంది, ఆగితే ఆగనీ, నాలుగు రోజుల్లో వెళ్ళి మళ్ళీ ఆ గోడ తడుముతాను, ఈసారి ఆ కొస నుంచి ఈ కొస దాకా, అటకెక్కించినదాన్ని దించుతాను, పెద్దాయన ముందు మళ్ళీ నిలబడి ఆగదు సార్ అంటాను, ఆ మాట అనడానికే గదా ఇంత చదువు చదివింది. చీకట్లో నిలబడ్డ బండి మీద కోపం రావడం లేదు, దానికి చలేస్తుందేమో అనిపిస్తోంది.

"ఏమ్మా, ఎక్కు." మేనమామ తిరుమలేష్, కురుగోడు నుంచి, నడుముకు కండువా బిగించి. గంపలో బియ్యం పోసి, ఆమెను కూర్చోబెట్టి, ఇంకో ముగ్గురు చెయ్యేస్తే ఎత్తాడు, ఎత్తి "అబ్బా" అన్నాడు. "బరువు బాగా చేసినావే. పట్నంలో నేల కింద కూచోబెట్టి మేపినారా?" గంప ఊగింది, పందిరి ఊగింది, పచ్చి తాటాకుల మధ్య ఆకాశం ముక్కలు ఊగాయి. ఇరవయ్యేడేళ్ళ మనిషికి, ఊహ తెలిశాక ఇదే మొదటిసారి నలుగురు మోస్తే పోవడం, ఎటు తిప్పితే అటు, ఎక్కడ ఆపితే అక్కడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ నడిపే మనిషికి కూడా ఇట్లాగే ఉంటుంది గామోసు ఇవాళ, మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తర్వాత అలవాటై, తర్వాత కొంచెం హాయిగా. సగం తడి, సగం పొడి కాళ్ళ జనం రెండు పక్కలా నిలబడి అక్షింతలు విసురుతున్నారు, యల్లమ్మ వెనకనుంచి "బేగ పోండప్పా, మొగోడు కాచుకోనుండాడు" అని తోలుతోంది, ఆడవాళ్ళు నవ్వుతున్నారు. అంతలోనే గంప దిగింది, ఎదురుగా తెర.

తెల్లటి తెర, మధ్యలో పసుపుతో దిద్దిన స్వస్తికం. అవతల మనిషి ఉన్నాడు, కనిపించడు. తెర కింద అతడి మోకాలు, పంచె అంచు, మోకాలు ఆగకుండా కదులుతోంది. ముహూర్తానికి ఇంకా కాస్త ఉన్నట్టుంది, పురోహితుడు పంచాంగం చూసి, గడియారం చూసి, మళ్ళీ మంత్రం పొడిగించాడు. తమలపాకులో జీలకర్రా బెల్లం పెట్టి చేతికిచ్చారు, ముద్ద చల్లగా, జిగటగా ఉంది.

"హేమా." తెర అవతల నుంచి, మంత్రం కింద నుంచి, పెదాలు కదలకుండా అన్నట్టు.

పలకకూడదు.

"మీ విక్రమ్ పెండ్లి పత్రికలో నంబరు చూసి నాకు చేసినాడు. నువ్వు ఎత్తలేదంట."

చెప్పు, త్వరగా చెప్పు, ఎంతసేపు ఆగిందో, ఎవరికైనా ఏమైనా అయిందో చెప్పు. పురోహితుడి గొంతు పెరిగింది. డోలు ఆయన కర్ర పైకెత్తి సైగ కోసం చూస్తున్నాడు.

"దాటిందంట. తడి మలుపు కాడ కొంచెం కూడా నెమ్మది కాలేదంట. అందరూ లేసి చప్పట్లు కొట్టినారంట. మెసేజు పెట్టాల్సింది, సంతోషంలో మరిచిపోయి ఫోను కొట్టినా, తిట్టొద్దని చెప్పమన్నాడు."

తిట్టదా, తిడుతుంది, విక్రమ్‌ను నిలబెట్టి తిడుతుంది, తిట్టి కాజాలు తినిపిస్తుంది. ఒంట్లోని నెత్తురంతా ఒక్కసారి వెనక్కి తిరిగి వచ్చినట్టు చెవులు వేడెక్కాయి, ఎదుటి స్వస్తికం నాలుగు చేతులతో నవ్వింది, పాపం ఆ పూలమ్మ ఈపాటికి మార్కెట్టులో బుట్ట దింపి ఉంటుంది, ఎక్కడ ఏం దాటి వచ్చిందో ఆమెకు తెలియదు, తెలియనే కూడదు, అదే గదా పని. బాసికం దురద పోయింది. పోయి, వెంటనే ఇంకొకటి మొదలైంది, ఆపుకోలేకపోయింది. గౌరమ్మ దగ్గర పట్టిన మౌనం అక్కడితో తెగింది.

"వెనకది?"

"అడగనా మరి? అదే ముందు అడిగినా," అన్నాడు మోహన్‌కృష్ణ. "తోక ఎంత జరిగితే అంతే జరుగుతా వచ్చిందంట. దాటింది. మూడోది యాడుందని అడిగే లోపల ఈ సామి ఫోను పక్కన పెట్టమన్నాడు."

"ముహూర్తం," అన్నాడు పురోహితుడు. గట్టిమేళం విరుచుకుపడింది, డోళ్ళు, సన్నాయి, అక్షింతల వాన, కాలువ అవతలి మళ్ళల్లో కొంగలు లేచేంత చప్పుడు. తెర మీదుగా చెయ్యి చాపి అతడి తల మీద జీలకర్రా బెల్లం పెట్టింది, పెట్టి అదిమింది, ఎంత అదిమిందంటే అవతల అతడి తల ఒక పక్కకు ఒరిగింది. పురోహితుడు "చాలమ్మా, చాలు" అన్నాడు. ఆమెకు వినపడలేదు. ఆమె తల మీద కూడా బరువైన, వెచ్చటి చెయ్యి ఉంది, అతడు నవ్వుతున్నట్టు ఆ చేతిలోనే తెలుస్తోంది. తెర దించారు. కనుబొమల మధ్య చూసుకోండి అన్నారు. చూసింది. బెల్లం నీళ్ళు అతడి చెవి మీదుగా కారి పట్టు కండువా మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు, ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు. మూడోది ఈపాటికి తడి గోడ పక్కనుంచి, రెండోదాని వెనక, రావాల్సినంత దూరంలో వస్తూ ఉంటుంది. ఆ మాట ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయినా అడిగింది. క్యాంపంతా చూస్తుండగా పెళ్ళికొడుకు పంచె మడతలోంచి ఫోను తీశాడు.